సోల తక్కువ కుంచం

గెడ్డవలస, కోటబొమ్మాళి దగ్గర
15-2-2025

దాలమ్మకి మీ అన్న సోములు రాస్తున్నది.

బతికే ఉన్నాను. నువ్వు మొదట అడిగేది అదే కాబట్టి ముందే రాసేశాను.

ఫోను ఎందుకు ఎత్తడని మా హరిబాబుని అడిగావట. ఎత్తి ఏం చెయ్యను. మొన్న నీ కోడలి మీద నువ్వు చెప్పిన సంగతంతా వాడు స్పీకరు పెట్టి నాకు వినిపించబోయాడు. వీధిలో అందరూ విన్నారు. నేనొక్కణ్ణే వినలేదు. చెవులు పూర్తిగా పోయాయి. ఇకనుంచి కాగితం మీద రాయి. నువ్వు ఐదో తరగతి చదివావు. నేను అక్షరాల బడిలో నాలుగు నెలలు కూర్చున్నాను. కొడుకు చేత రాయించుకునే ఖర్మ నాకు లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

కన్ను బాగుంది. భాద్రపదంలో ఆపరేషన్ అయ్యి కట్టు విప్పిన రోజున పక్క మంచం మీద ఉన్న పెద్దాయన ఒక పుస్తకం ఇచ్చాడు. బైబిల్లో సొలొమోను అనే రాజు చెప్పిన బుద్ధి మాటలు మాత్రం విడిగా అచ్చు వేశారు. అక్షరాలు కందిబద్దలంత ఉన్నాయి. నా బతుకులో నేను చదవగలిగిన పుస్తకం ఇదొక్కటే. మొత్తం ముప్పై ఒక్క భాగాలు. ఏ తేదీకి ఆ భాగం చదువుకోవాలని ఆయన చెప్పాడు. ఈవేళ పదిహేనో తేదీ, పదిహేనో భాగం చదివాను. దేవుణ్ణి మార్చాననుకోకు. కొత్తమ్మ తల్లికి పెట్టేది పెడుతూనే ఉన్నాను. ఈ మాటలు మన పొలం మాటల్లా ఉన్నాయి, అందుకని చదువుతున్నాను. చీమ, కోత, గట్టు, గాడిద, ఇంట్లో పోరు, అన్నీ ఉన్నాయి.

నీ కోడలు ధనలక్ష్మి సంగతికి 15 చదువు. మాటంతా రాయాలంటే నా వేళ్ళు రావు. అంకె రాస్తాను, నువ్వు వెతుక్కో.

మీ అన్న,
సోములు


రాజాం
24-2-2025

అన్నయ్యకి,

కాగితం మీద అరవమన్నావు కాబట్టి అరుస్తున్నాను.

మా పక్క వాటాలో ఝాన్సీ అని నర్సు ఉంటుంది. ఆదివారం చర్చికి వెళ్తుంది. ఆ అమ్మాయిని పిలిచి 15 చదవమన్నాను. అందులో ముప్పై పైచిలుకు మాటలున్నాయి, మీ అన్నయ్య ఏది చెప్పారని అడిగింది. నాకేం తెలుసు, మొత్తం చదువు, తగిలేది నాకే తగులుతుంది అన్నాను. తగిలింది. ప్రేమగా పెట్టే ఆకుకూర భోజనం గురించీ, పగ పెట్టుకుని వడ్డించే మాంసం గురించీ ఒక మాట ఉంది. మొన్న కార్తీకం వెళ్ళాక నువ్వు వచ్చినప్పుడు నాటుకోడి వండాను. వడ్డించేటప్పుడు ధనలక్ష్మికీ నాకూ మాట వచ్చి గరిట విసిరాను, నిజమే. అది మనసులో పెట్టుకుని మూడు నెలల తర్వాత అంకెలో చెప్తావా? రెండు ముక్కలు మళ్ళీ అడిగి వేయించుకున్నావు కదా అప్పుడు.

సరే, మంచి మాట రాస్తాను. మన మనవరాలు దేవికి పెళ్ళి కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. ఇద్దరూ ఇక్కడ కాలేజీలో కలిసి చదువుకున్నారు, వాళ్ళే కుదుర్చుకున్నారు. కుర్రాడు త్రినాథ్, విజయనగరంలో రక్త పరీక్షలు చేసే ల్యాబులో పని. ఎవరో పరాయివాళ్ళు కాదు. మన గెడ్డకి అవతలి ఊరి సుభద్రమ్మ మనవడు. మన పొలంలో కోతకి వచ్చేది చూడు, ఆ సుభద్రమ్మ. నీకు గుర్తుందో లేదో.

నాకొక్కటి కావాలి. అమ్మ కుంచం. పందిట్లో తలంబ్రాల బియ్యం ఆ కుంచంతో కొలవాలి, దాని నిండా బియ్యం పోసి దాని మీద దీపం పెట్టాలి. నా పెళ్ళికీ, నా కూతురి పెళ్ళికీ అమ్మ అలాగే చేసింది. దేవికి నువ్వు వేరే ఏమీ పెట్టక్కర్లేదు. హరిబాబు చేత బస్సులో పంపు.

నీ చెల్లెలు,
దాలమ్మ


గెడ్డవలస
6-3-2025

దాలమ్మకి,

కోడి బాగుంది. గరిట సంగతి నువ్వు రాసేదాకా నాకు జ్ఞాపకమే లేదు. 15లో నేను చెప్పింది మొదటి మాట, మెత్తగా జవాబు చెప్పమన్నది. నువ్వు మధ్యలో ఉన్నదాన్ని పట్టుకున్నావు. మొదటి మాట దగ్గర ఆగితే సరిపోయేది.

ఈవేళ ఆరో తేదీ. చీమల భాగం. చదివి బయటికి వస్తే అరుగు మీద నిజంగానే చీమల బారు ఉంది. వాటిని చూస్తూ ఒక గంట కూర్చున్నాను. బద్ధకస్తుడు చీమని చూసి నేర్చుకోవాలని ఉంది కానీ, అరవై ఏళ్ళు చీమలాగే పని చేసినవాడు ఏం చూసి నేర్చుకోవాలో లేదు. నడుము నొప్పి. మినుము పీకడం అయిపోయింది. ఎర్ర ఆవు చూలు కట్టింది.

పెళ్ళి కుదిరినందుకు సంతోషం. ఊరంతా చెప్పుకుంటూ తిరగకు. ముందు జరగనీ. దానికి 27 చదువు.

కుంచం సంగతి తర్వాత చూద్దాం. పురుగు పట్టిందేమో చూడాలి.

సోములు


రాజాం
14-3-2025

అన్నయ్యా,

27 చదివించాను. ఝాన్సీ చదువుతుంటే ధనలక్ష్మి కూడా వచ్చి కూర్చుంది. వానరోజు కారే చూరులాగా ఆగకుండా పోరు పెట్టే ఆడదాని గురించి అందులో ఉంది. ఝాన్సీ అక్కడికి వచ్చి గొంతు తగ్గించింది. ధనలక్ష్మి తగ్గించలేదు. "మావయ్యగారు అచ్చు మిమ్మల్ని సూసే రాయించారత్తా" అని పడీ పడీ నవ్వింది. ఆ రోజంతా వంటింట్లోంచి నవ్వు వినిపిస్తూనే ఉంది. నేను కారే చూరునే, ఒప్పుకుంటాను. కానీ నా కోడలి ముందు నన్ను పెట్టి నవ్వించడానికి నీకు రాజు కావలసి వచ్చాడా?

కుంచం తర్వాత చూద్దాం అంటావేమిటి. పందిరికి చెప్పేశాం. మొన్న సుభద్రమ్మ వచ్చింది. ఎనభై దగ్గర పడింది, నడుము వంగింది కానీ మాట వంగలేదు. కాఫీ తాగి కాసేపు కూర్చుని తానే అడిగింది, "మీ యమ్మ కుంచం పందిట్లో పెడతారా?" అని. పెడతాం అన్నాను. "పెట్టండి. సూడాలి" అంది. ఎంత ముచ్చటగా అడిగిందో. మన ఇంటి కుంచం అంటే ఆ చుట్టుపక్కల అంత పేరు. నువ్వేమో పురుగు పట్టిందంటావు. లక్క పోసిన కుంచానికి పురుగెక్కడిది? పురుగు పట్టకుండానే కదా అమ్మ లక్క పోయించింది.

దాలమ్మ


గెడ్డవలస
20-3-2025

దాలమ్మకి,

కుంచం ఇవ్వను. ఎందుకంటే 20.

సోములు


రాజాం
25-3-2025

సోములు గారికి,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రాలేదు.

20 చదివించుకున్నాను. మూడుసార్లు. ఆత్రపడి ముందుగా లాక్కున్న వారసత్వం చివరికి అచ్చిరాదని అందులో ఉంది. అర్థమైంది. నేను పుట్టింటి సొత్తుకి ఆశపడుతున్నానన్నమాట.

అమ్మ పోయాక తహసీల్దారు ఆఫీసులో నువ్వు చూపించిన చోట వేలిముద్ర వేశాను. సంతకం వచ్చి కూడా వేలిముద్ర వేశాను, వేలిముద్రే కావాలన్నారు కాబట్టి. ఒక్క సెంటు అడగలేదు. ఒక్క చెట్టు అడగలేదు. అమ్మ కాళ్ళ కడియాలు మీ ఇంటికే ఉండనీ అన్నాను. ఇన్నేళ్ళకి నేను అడిగింది ఇనప పట్టీలు వేసిన చెక్క కొలత. మా ఆయన ఉండి ఉంటే ఆ మాట నాతో చెప్పడానికి నీకు ధైర్యం ఉండేది కాదు.

నీ 27లో ఇంకోటి కూడా ఉంది. దూరంగా ఉన్న అన్నదమ్ముల కంటే దగ్గరున్న పొరుగువాళ్ళు మేలని. ఆ మాట చదివి ఝాన్సీ పుస్తకం మూసేసింది. నేనేడుస్తుంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది కూడా ఆ అమ్మాయే.

పెళ్ళికి శుభలేఖ పంపిస్తాను, లోకం కోసం. రాకపోయినా పర్వాలేదు.

దాలమ్మ


గెడ్డవలస
31-3-2025

దాలమ్మా,

ఇది పెద్ద ఉత్తరం. రెండు రోజులు రాశాను. నిదానంగా చదువు. ఝాన్సీకి ఇవ్వకు, ధనలక్ష్మికి అసలే ఇవ్వకు.

20లో వారసత్వం మాట నాకు కనిపించనే లేదు. నిజం చెప్తున్నాను. నేను చదివేటప్పుడు నా కన్ను రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. ఒకటి, ఇచ్చేటప్పుడు ఒక కొలత, తీసుకునేటప్పుడు ఒక కొలత పెట్టుకున్నవాళ్ళంటే దేవుడికి అసహ్యమని. రెండోది, తల్లినీ తండ్రినీ నిందించినవాడి దీపం చీకట్లో ఆరిపోతుందని. ఈ రెండూ ఒకే భాగంలో పెట్టాడు ఆ రాజు. మొదటిది చెప్పాలంటే రెండోది చెయ్యాలి. అందుకని అంకె రాసి ఊరుకున్నాను. అంకె రాస్తే నేను నోరు తెరవక్కర్లేదనుకున్నాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆరు ఇరవయ్యో తేదీలు వచ్చాయి. మొదటిసారి కూడబలుక్కుని చదివాను. తర్వాత ప్రతి నెలా ఆ రోజు తెల్లారగానే పొలానికి పోయేవాణ్ణి. ఈ నెల నీ ఉత్తరం ముందు పెట్టుకుని చదివాను.

కుంచానికి పదహారు సోలలు పట్టాలి. అమ్మ కుంచానికి పదిహేను పడతాయి.

నాన్న పోయిన ఏడు గెడ్డ పొంగి సగం చేను ఇసుక మేట వేసింది. నాకు పదేళ్ళు, నీకు మూడు. ఒక మధ్యాహ్నం అమ్మ లక్క కరిగించింది. నేను కట్టె పుల్లలు ఎగదోశాను. కుంచం అడుగున బొటనవేలు మందం పోసింది. ఎందుకే అమ్మా అంటే, "పురుగు పట్టకండా" అంది. నీకు చెప్పింది కూడా అదే. ఇంకో కుంచం ఉండేది, ఇత్తడిది. మన దగ్గర విత్తనాలు అప్పు తీసుకున్నవాళ్ళు తిరిగి మనకి కొలిచేది దాంతో. దానికి లక్క పొయ్యలేదు. దానికి పురుగు పట్టలేదు కూడా. నేను కళ్ళంలో కొలవడం మొదలుపెట్టాక తెలిసింది. అమ్మని అడగలేదు. అమ్మ చెప్పలేదు. ఆ ఇత్తడి కుంచం తర్వాత అమ్మేశాం. కూలికి కొలిచే కుంచమే పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకున్నాం, ఇల్లు నిలబెట్టింది అదే అని.

సుభద్రమ్మ సంగతి. నాకు ఇరవై ఒకటి. ఆ ఏడు పంటలు బాగాలేవు. ఆవిడ మొగుడు మంచం పట్టాడు, ఇద్దరు పిల్లలు. పన్నెండు రోజులు కోత కోసింది. పన్నెండు కుంచాలు కొలిచాను. ఒకటికి బదులు లాభం అంటూ మొదలుపెట్టి గొంతెత్తి లెక్క చెప్పాను. అప్పుడు నా గొంతు నీకు తెలుసు కదా. ఆవిడ చెంగులోంచి సోల తీసింది. ఇంటి నుంచి తెచ్చుకుంది. అందరి ముందూ ఒక కుంచం తిరిగి కొలిచి, "పదిహేనే ఉన్నాయి బాబూ" అంది. గట్టిగా కూడా అనలేదు. అమ్మ అక్కడే చాట పట్టుకుని నిలబడి ఉంది. అమ్మ మొహం చూశాను. చూసి, ఆవిడ గంపలో ధాన్యం మళ్ళీ రాశి మీద పోసేశాను. "నీ సోల దొంగ సోల. మాయమ్మ మీద మాటంటావా. కళ్ళం దిగు" అన్నాను. అందరూ నవ్వుతుంటే ఒట్టి గంపతో వెళ్ళిపోయింది. పన్నెండు రోజుల కూలి. మళ్ళీ మన చేలోకి రాలేదు. నాలుగు మైళ్ళు నడిచి ఇంకో ఊరికి కోతకి వెళ్ళేదని తర్వాత విన్నాను. ఆ ఏడు ఊళ్ళో ఆవిడకి అబద్ధాలకోరని పేరు.

పందిట్లో కుంచం చూడాలని ముచ్చటపడి అడిగిందనుకున్నావు నువ్వు.

ఈవేళ ముప్పై ఒకటో తేదీ. ఈ భాగం అన్ని నెలల్లోనూ రాదు. గుణవంతురాలైన ఇల్లాలి గురించి ఉంటుంది. తెల్లారకుండా లేస్తుంది, ఇంటివాళ్ళకి తిండి పెడుతుంది, చేను చూసుకుంటుంది, చేతులు ఊరుకోవు. చదువుతుంటే అమ్మే కనిపించింది. ఒక్కొక్క మాటకీ అవును, అవును అనుకుంటూ వచ్చాను. బీదవాళ్ళకి చెయ్యి చాపుతుంది అన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్కడ పుస్తకం మూసేసి ఇది రాస్తున్నాను.

ఆ సోలలే మనం తిన్నాం దాలమ్మా. నువ్వూ నేనూ. ఇప్పుడు చెప్పు, ఆ కుంచం నీ మనవరాలి పందిట్లో పెట్టి ఆవిడ ముందు దీపం వెలిగించమంటావా.

అలిసిపోయాను. వేళ్ళు వంగడం లేదు.

సోములు


రాజాం
12-4-2025

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది. రెండో రోజు అమ్మ మీద వచ్చింది. మూడో రోజు నుంచి ఎవరి మీదా రాలేదు, అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుంటే సోల కనిపిస్తుంది. దేవి కనిపెట్టి ఏమైందని అడిగింది. నడుము నొప్పి అన్నాను.

నేను చూరులాంటి మనిషినే కదా, కారకుండా ఉండలేకపోయాను. సుభద్రమ్మ పెళ్ళి బట్టల కోసం రాజాం వచ్చినప్పుడు ఒక్కర్తినీ పెరట్లోకి తీసుకెళ్ళాను. కుంచం తేవడం లేదు వదినా, వద్దనుకున్నాం అన్నాను. నా మొహం చూసింది. "నీ అన్న సెప్పాడా?" అంది. తల ఊపాను. తులసికోట పక్కన కూర్చుని చెంగు సర్దుకుంది. అప్పుడు అంది, "ఆ కుంచం రావాల. కొలిసేది ఆడే కొలవాల. నా సోల నా కాడే ఉంది. నేను పట్టుకొస్తాను."

పిల్లల పెళ్ళి వదినా అన్నాను. "పెళ్ళి ఆపుతానన్నానా. కొలిసి సూద్దారన్నాను. నా మనవడికి ఈ ఇంటి పిల్లని సేసుకుంతన్నాను. అబద్దాలకోరు మనవడికి కాదు" అంది. తర్వాత చీరలు చూడ్డానికి మాతో కొట్టుకి వచ్చింది, రంగులు కూడా ఏరింది.

నేను చెయ్యగలిగింది లేదు. నేను కూడా నీకొక అంకె పంపుతున్నాను. 28. ఏ మాటో కూడా రాస్తున్నాను, లేకపోతే నువ్వు ఇంకోటి పట్టుకుంటావు. తప్పు దాచుకున్నవాడికి ఏమవుతుందో, ఒప్పుకుని వదిలేసినవాడికి ఏమవుతుందో ఉంది చూడు, అది.

వస్తావా?

దాలమ్మ


గెడ్డవలస
20-4-2025

దాలమ్మకి,

ఈవేళ మళ్ళీ ఇరవయ్యో తేదీ. పొలానికి పోలేదు. చదివాను.

కుంచం ముందు పెట్టుకుని కూర్చున్నాను. కత్తి కూడా పెట్టుకున్నాను. లక్క గీకేస్తే పదహారు పడతాయి. పందిట్లో కొలిస్తే సరిగ్గా వస్తుంది. అమ్మ పేరు నిలబడుతుంది. సుభద్రమ్మ రెండోసారి అబద్ధాలకోరు అవుతుంది, ఈసారి మనవడి పెళ్ళిలో, చుట్టాలందరి ముందు. గీకకపోతే అమ్మని పందిట్లో నిలబెట్టినట్టు. పోయి ఇరవై ఏళ్ళైన మనిషిని.

హరిబాబు చూసి, "ఏటి నాన్నా, కుంచానికి పూజ సేస్తన్నావా?" అని అడిగాడని మనవడు సైగ చేసి చెప్పాడు. అవునన్నాను.

గంట అయ్యాక కత్తి లోపల పెట్టేశాను. వస్తాను. లక్కతోనే తెస్తాను. మిగతాది అక్కడ చూసుకుంటాను, ఎలాగో నాకే తెలియదు. ఈ పుస్తకంలో దారి ఉంటుందని ఏడు నెలలు చదివాను. దారి ఉంది కానీ నడిచేది మన కాళ్ళతోనే అని ఎక్కడా రాయలేదు.

నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియదు. ఎక్కువైతే చెయ్యి పట్టుకుని లాగు.

సోములు


గెడ్డవలస
13-5-2025

దాలమ్మకి,

చెప్పకుండా వచ్చేసినందుకు ఏమీ అనుకోకు. భోజనం చెయ్యలేదని బాధపడకు. బస్టాండులో అరటిపళ్ళు తిన్నాను.

నేను చేసింది నువ్వు చూశావు. కుంచం నిండా కొలిచి లాభం అన్నాను. ఆవిడ సోల తీసి పళ్ళెంలోకి కొలిచింది. ఆవిడ పెదాలు చూస్తూ లెక్క పెట్టుకున్నాను. పదిహేను దగ్గర కుంచం ఖాళీ అయ్యింది. పందిరంతా నా వైపు చూసింది. ఆ మాట అక్కడ నాకు తట్టింది, ముందు అనుకున్నది కాదు. "లక్క పోసింది నేను. మాయమ్మకి తెలీదు. నేనే తక్కువ కొలిసాను, నేనే ఈవిణ్ణి దొంగన్నాను" అన్నాను. నువ్వు చెయ్యి లాగలేదు కాబట్టి మరీ గట్టిగా అరవలేదనే అనుకుంటున్నాను.

సంచిలో సోలెడు బియ్యం పెట్టుకుని వచ్చాను. ఆవిడ సోలలో పోశాను. పన్నెండు కుంచాలు ఎలా తేవాలో నాకు తెలియలేదు, సోలెడు తెచ్చాను. అప్పుడు ఆవిడ ఏదో అంది. నా వైపు వేలు చూపించి అంది. అందరూ నవ్వారు. త్రినాథ్ కూడా నవ్వాడు. దేవి తల దించుకుంది. ఆ నవ్వు నాకు తగినదే. యాభై ఏళ్ళ క్రితం కళ్ళంలో నేను నవ్వించాను, ఇప్పుడు ఆవిడ నవ్వించింది. కానీ అక్కడ నిలబడే ఓపిక లేకపోయింది.

ఏమందో రాయకు. నాకు వినబడకపోవడం ఆ ఒక్క రోజూ మంచిదైంది.

ఇంకోటి. నేను ఆడింది అబద్ధం. నీకూ నాకూ తెలుసు. అబద్ధం ఆడే నాలుక గురించి ఆ పుస్తకంలో ఏ అంకెలో ఉందని అడగక్కర్లేదు, చాలా అంకెల్లో ఉంది. ఇక అంకెలు పంపకు.

సోములు


రాజాం
21-5-2025

అన్నయ్యా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. నువ్వు చెవిటివాడివే కాదు, కళ్ళున్నా చూడవు.

సుభద్రమ్మ అన్నది ఇది. "సోలెడు బియ్యం తేడానికి యాభై మూడేళ్ళు పట్టింది ముసిలోడికి. బస్సులో నిలబడొచ్చుంటాడు. ముందు కూకోబెట్టి అన్నం ఎట్టండి." అందుకు నవ్వారు. నిన్ను చూసి కాదు. ఆ మాటతో పందిట్లో అందరికీ ఊపిరి వచ్చింది, అందుకు. దేవి తల దించుకున్నది ఏడుస్తూ. విస్తరి వేసి నీ కోసం చూస్తే నువ్వు లేవు. త్రినాథ్ బండి వేసుకుని బస్టాండుకి పరిగెత్తాడు. బస్సు వెళ్ళిపోయింది. అరటిపళ్ళు తిన్నావట, సిగ్గులేదూ.

నువ్వు పోసిన సోలెడు బియ్యం ఆవిడ తలంబ్రాల్లో కలపనివ్వలేదు. కొంగున ముడి వేసుకుంది. పెళ్ళయ్యేదాకా ఆ ముడి మీద చెయ్యి పెట్టుకునే కూర్చుంది.

మూడో రోజు కుంచం ఎండలో పెట్టి లక్క ఒలిచాం. ఆవిడే ఒలిచింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. పెద్ద పెచ్చులుగా ఊడి వచ్చింది. కొలిచింది. పదహారు. అప్పుడు ఇద్దరమే ఉన్నాం. నాతో మెల్లగా అంది, "నేను మాయమ్మతో కోతకొచ్చిన నాటికీ ఇందులో పదిహేనే. అప్పటికి నీ అన్న మేకలు కాసుకునే గుంటడు. ఆడు లక్క పోసేవాడా?" ఆవిడే మళ్ళీ అంది, "అమ్మ కోసం ఆడాడు. ఆ రోజూ అమ్మ కోసమే ఆడాడు. ఇయ్యేళ తేడా ఏటంటే, నన్ను కాదు, ఆణ్ణి కింద పడేసుకున్నాడు. ఉండనీ." ఎవరితోనూ అనదు. అనే మనిషైతే ఎప్పుడో అనేది.

అమ్మ గురించి నేను ఇంకా ఆలోచిస్తున్నాను. కోపమో జాలో తెలియడం లేదు. పోనీ. నాకు కూడా అరవై ఏడు వచ్చాయి, అన్నీ తేల్చుకునే ఓపిక లేదు.

ధనలక్ష్మి నీ విస్తరి తియ్యకుండా సాయంత్రం దాకా ఉంచింది. ఆ పిల్ల మీద నేను చెప్పినవన్నీ కొట్టేసుకో. సగమైనా కొట్టేసుకో.

నీ చెల్లెలు,
దాలమ్మ


గెడ్డవలస
31-5-2025

దాలమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కన్ను ఆపరేషన్ చేసిన డాక్టరు ఎక్కువ తడవకూడదని చెప్పాడు. ఆయన మాట కొంచెం తప్పాను.

ఈవేళ ముప్పై ఒకటి మళ్ళీ వచ్చింది. చివరిదాకా చదివాను, ఆగకుండా. ఆ ఇల్లాలు అమ్మ కాదు. అమ్మ అందులో ఉంది, అంతే. బహుశా ఆ రాజు కూడా ఎవరినీ చూసి రాసి ఉండడు, ఉంటే బాగుండునని రాసి ఉంటాడు.

కుంచం దేవి దగ్గరే ఉంచు. పసుపు ఎక్కువ రాయొద్దని చెప్పు. ఎప్పుడైనా ఎవరికైనా కొలిస్తే ముందు సోలతో చూసుకుని కొలవమను.

రేపు ఒకటో తేదీ. మొదటి నుంచి మొదలుపెట్టాలి. అది సాయంత్రం చదువుకుంటాను. పొద్దున్నే గెడ్డ దాటి సుభద్రమ్మ ఇంటికి నడిచి వెళ్తున్నాను. హరిబాబు బండి మీద దింపుతానంటే వద్దన్నాను. ఆవిడ నాలుగు మైళ్ళు నడిచింది, నేను ఒకటి నడవలేనా. ఏమని మాట్లాడాలో తెలియదు, ఆవిడ చెప్పేది వినబడదు కూడా. అరుగు మీద కూర్చుంటాను. అన్నం పెట్టమందట కదా, తిని వస్తాను.

అన్న,
సోములు